బ్రౌనీని బండి మీద తీసుకుపోయే ముందు

తిరుపతి

చిరంజీవి కిరణ్‌కు,

పెద్దనాయన ఆశీస్సులు. బ్రౌనీని వెంటబెట్టుకుని బుల్లెట్ మీద చిక్కమగళూరు దాకా పోతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ నాయన వద్దంటున్నాడట. నేను వద్దనను. చిన్న కుక్కను బండి మీద దూరం తీసుకుపోవచ్చు. నేనూ తీసుకుపోయాను, హాయిగా తిరిగొచ్చాం. కానీ ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకో. నీకు అలసటగా ఉంటే బండి ఆపుతావు, దాహమేస్తే దిగి నీళ్లు తాగుతావు. సంచిలో కట్టేసి ఉన్న దానికి ఆ వీలు లేదు, నోరు తెరిచి అడగనూ లేదు. కాబట్టి ఎంత వేగం, ఎంత దూరం, ఎక్కడ ఆగాలి అన్నవి దాన్ని బట్టే నిర్ణయించుకోవాలి. అలా కుదరదనుకుంటే దాన్ని మా ఇంట్లో వదిలిపెట్టి నువ్వొక్కడివే పోయిరా. అందులో తప్పేమీ లేదు.

దసరాకు బయల్దేరాలనుకుంటున్నావట. అది మానుకో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో నువ్వే చూశావు. తడిసిన బొచ్చుకు ఎదురుగాలి తగిలితే కుక్క వణికిపోతుంది. తడవకూడదని సంచి చుట్టూ ప్లాస్టిక్ కవరు బిగిస్తే లోపల ఊపిరాడదు. ఎండాకాలం మాట ఎత్తనే వద్దు. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర్లో పెట్టుకో. పలమనేరు వైపు పొద్దున చలిగా ఉంటుంది గానీ సంచిలో పాత స్వెట్టరు ఒకటి పరిస్తే సరిపోతుంది.

జనవరి అయినా మధ్యాహ్నం ఎండ ఎండే. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇలాంటి ప్రయాణంలో నాకు అన్నిటికన్నా భయం దీని గురించే. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల అడుగున కాస్త తప్ప పట్టదు. నాలుక చాపి వగర్చడమే అది చల్లబడే దారి. దాని ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటిందంటే ప్రమాదమే. ఆగిన ప్రతిసారీ ముందు దాని నాలుక చూడు. మామూలుగా వగర్చేటప్పుడు నాలుక కొస సన్నగానే ఉంటుంది. వేడి ఎక్కువైతే కొస వెడల్పయి పారలా కిందికి వేలాడుతుంది, చొంగ జిగటగా సాగుతుంది. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదులు. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. చిగుళ్లు బాగా ఎర్రబడినా, పాలిపోయినా, కుక్క తూలినా ఆ రోజుకు ప్రయాణం అక్కడితో ఆపెయ్. నీడకు తీసుకుపోయి పొట్ట, తొడల లోపలి వైపు, పాదాలు నీళ్లతో తడుపుతూ విసురు. ఐసు కోసం ఊరంతా వెతకొద్దు, దొరికిన చల్లనీళ్లు చాలు. తడిగుడ్డ కప్పేసి అలా వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే. ఇంకొకటి, చల్లగా ఉంటుందని దాని బొచ్చు గొరిగించొద్దు. పొమెరేనియన్‌కు ఆ బొచ్చే ఎండ నుంచి కొంత కాపుదల.

ఇక సంచి. ట్యాంకు మీద పెడితే ముఖం ఎదురుగా కనిపిస్తుందని చాలామంది అంటారు. నాకది నచ్చదు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఇంజను వేడి నేరుగా దానికే కొడుతుంది, హ్యాండిల్ పూర్తిగా తిరగదు, బండి పడితే మధ్యలో నలిగేది అదే. గుండెకు కట్టుకునే సంచీ అంతే. వెనక సీటు మీద, నీ వీపుకు ఆనుకుని పెట్టు. నీ ఒళ్లే దానికి గాలి అడ్డు. అడుగు గట్టిగా, మూడు వైపులా జాలీ ఉన్న సంచి తీసుకో, లేచి ఒకసారి తిరిగి పడుకునేంత చోటుండాలి. లగేజీకి వాడే సాగే తాళ్లు దీనికి పనికిరావు, గతుకుల్లో సంచి ఎగిరెగిరి పడుతుంది. బకిల్ ఉన్న బెల్టులతో బండి ఫ్రేముకు బిగించు. లోపల దానికి హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ వేసే పట్టీ, వేసి పొట్టి పట్టీతో సంచికి తగిలించు. మెడ పట్టీకి మాత్రం ఎప్పుడూ తగిలించొద్దు, దూకిందంటే ఉరి పడుతుంది. హార్నెస్ కింద రెండు వేళ్లు దూరితే బిగువు సరిపోయినట్టు. ఎడమ అద్దం కాస్త కిందికి తిప్పుకుంటే జాలీలోంచి దాని ముఖం కనిపిస్తుంది. తల బయట పెట్టనిచ్చేటట్టయితే కుక్కల కళ్లజోడు తప్పనిసరి, ఎగిరొచ్చే ఇసుక రేణువు ఒక్కటి చాలు కంటికి పుండు పడటానికి.

కొన్న రోజే బండి ఎక్కించొద్దు. సంచి తెరిచి వరండాలో పడెయ్, అన్నం దాంట్లోనే పెట్టు. తనంతట తాను పోయి అందులో నిద్రపోయే దాకా ఆగు. తర్వాత స్టాండు వేసిన బండి మీద, ఆ తర్వాత ఇంజను ఆన్ చేసి కాసేపు, ఆ తర్వాత మన వీధి చివరి దాకా. బుల్లెట్ చప్పుడు దాని చెవులకు మనకన్నా ఎక్కువ. చెవులు వెనక్కి వాల్చి, ఊరికే ఆవలిస్తూ పెదవులు నాక్కుంటుంటే అది టెన్షన్‌లో ఉన్నట్టు, ఒక మెట్టు వెనక్కి రా. ఈ అలవాటుకు వారాలు పట్టొచ్చు, తొందర పెట్టొద్దు.

ఈలోగా పశువైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకుపో. 1955 నుంచి మన ఊళ్లోనే ఉన్న కాలేజీ అది. గుండె, మోకాళ్లు, చెవులు చూపించు. రేబిస్ టీకా తేదీ చూసుకో, ఎలుకల జ్వరం టీకా, పిడుదుల మందు గురించి అడుగు, కాఫీ తోటల్లో పిడుదులూ జలగలూ రెండూ ఉంటాయి. వాంతులకు ఏమివ్వాలో రాయించుకో. నిద్రమాత్ర వేసి తీసుకుపోదామని ఎవరైనా చెబితే వినొద్దు, కొన్ని మత్తు మందులతో రక్తపోటు పడిపోతుంది, ఒంటి వేడి అదుపు తప్పుతుంది. మన పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ దానికి విషం.

దారి నీకు తెలిసిందే. చీకటి విడుతుండగా బయల్దేరితే చంద్రగిరి, పూతలపట్టు మీదుగా ఎండెక్కకముందే చిత్తూరు దాటుతావు. గంటకోసారి ఆగు, అరవై దాటించొద్దు. కాణిపాకం పోవాలనుకుంటే తోడు ఎవరైనా ఉండాలి, ఒకరు దర్శనానికి పోతే ఒకరు దాని దగ్గర. నిలిపిన బండి మీద సంచిలో వదిలి ఐదు నిమిషాలకు కూడా పోవద్దు. బంగారుపాళ్యం తర్వాత మొగిలి ఘాట్‌లో లారీల వెనక ఓపిగ్గా పో. పలమనేరు చుట్టుపక్కల కౌండిన్య అడవి ఏనుగులు రోడ్డు దాటుతుంటాయి. 2023 జూన్‌లో అక్కడే రోడ్డు మీద వాహనం ఢీకొని మూడు ఏనుగులు చనిపోయాయి. అక్కడ రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. ఎండ ముదిరితే ముళబాగిలులోనో కోలారులోనో రూము తీసుకుని సాయంత్రం దాకా పడుకోండి. బెంగళూరుకు ఆ రోజే చేరాలన్న పంతం వద్దు. కుక్క ఉంటుందని లాడ్జికి ముందే ఫోన్ చేసి చెప్పు.

ధాబాల దగ్గర దింపేముందు చుట్టూ చూడు, వీధికుక్కలు గుంపుగా వస్తే బ్రౌనీ తట్టుకోలేదు. తారు మీద నీ అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆన్చలేకపోతే దాని పాదాలూ ఆన్చలేవు. పొద్దున కొద్దిగా పెరుగన్నం, అదీ బయల్దేరడానికి మూడు గంటల ముందు. అసలు తిండి రాత్రికే. నీళ్లు కొంచెం కొంచెంగా తాగించు. సాంబారు వద్దు, ఉల్లిపాయ పడదు. దారిలో ద్రాక్ష అమ్ముతుంటారు, ఒక్కటి కూడా పెట్టొద్దు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

టీకాల కార్డు, దాని ఫొటో ఫోన్లో పెట్టుకో, మెడ బిళ్ల మీద నీ నంబరు చెక్కించు. ఎవరైనా ఆపి అడిగితే చూపించడానికి కార్డు పనికొస్తుంది. జంతువును బాధపడేలా రవాణా చేయడం 1960 నాటి క్రూరత్వ నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. నువ్వు ఇలా జాగ్రత్తగా తీసుకుపోతే ఆ భయం అక్కర్లేదు.

సంచి కొన్నాక అలవాటు చేసి, ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరూ మా ఇంటికి రండి. చంద్రగిరి దాకా నువ్వు ముందు పో, నేను స్కూటరు మీద వెనకే వస్తాను. సంచి ఎటు ఊగుతోందో, గాలి ఎక్కడ కొడుతోందో వెనక నుంచే బాగా తెలుస్తుంది. మీ పెద్దమ్మ దానికి ఉప్పు వేయకుండా కోడిమాంసం ఉడికిస్తానంటోంది. తిరిగొచ్చాకే పెట్టాలని చెప్పాను.

ఇట్లు,
మీ పెద్దనాయన