డీవియేషన్ కాగితం మీద సంతకం ఎవరిది?

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

రైఫిళ్లు తయారుచేసే కంపెనీలో ప్లాంట్ మేనేజర్‌గా చేరబోతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. బాలానగర్ టూల్‌రూముల్లో, ఆ తర్వాత ఇన్‌స్పెక్షన్‌లో తల నెరిసినవాణ్ని కాబట్టి, నువ్వు అడక్కపోయినా నాలుగు ముక్కలు రాస్తున్నాను.

తుపాకీ సరిగ్గా లేకపోతే అందరూ ముందు కార్మికుణ్నే తిడతారు. నేను చూసినంతలో తప్పు పై అంతస్తు గదిలో పుడుతుంది, ఏడాదికో రెండేళ్లకో కింద బయటపడుతుంది. ఈ మధ్యలో లాభాలు బాగానే కనిపిస్తాయి. అసలు చిక్కు అదే.

అమెరికాలో మార్లిన్ కథ తెలుసుకో. 1870లో పుట్టిన కంపెనీ, లీవర్ యాక్షన్ (కింద ఉన్న మీటను ఆడించి తూటా ఎక్కించే) రైఫిళ్లకు పేరు. సెర్బెరస్ అనే పెట్టుబడి సంస్థ 2007లో రెమింగ్టన్ అనే తుపాకుల కంపెనీని కొంది, ఆ వెంటనే మార్లిన్ కూడా అదే గూటికి చేరింది. 2010లో కనెక్టికట్ ఫ్యాక్టరీని మూసేస్తామని చెప్పి, పనిని న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌కు తరలించారు. లెక్కల్లో చూస్తే భేషైన ఆలోచనే, రెండు షెడ్ల ఖర్చు ఒకటవుతుంది కదా! కానీ యంత్రాలు పాతవి. డ్రాయింగ్‌లో రాసిన కొలతకూ నిజంగా అమరే కొలతకూ మధ్య తేడాను ఆపరేటర్లే సర్దుకునేవాళ్లు. లారీల్లో యంత్రాలు వచ్చాయి, ఆ మనుషులు చాలామంది రాలేదు. గురి చూసే సైట్లు పక్కకు ఒరిగినవి, చెక్కకూ లోహానికీ మధ్య సందున్నవి దుకాణాలకు చేరాయి. కొన్నవాళ్లు వాటికి ‘రెమ్లిన్’ అని వెక్కిరింత పేరు పెట్టారు. రెమింగ్టన్ 2018లోనూ 2020లోనూ దివాలా తీసింది. మార్లిన్‌ను రూగర్ అనే మరో తుపాకుల కంపెనీ కొని, తయారీ పద్ధతినే మార్చుకుని, 2021 చివర్లో గానీ మొదటి రైఫిల్ బయటికి తేలేదు.

రేపు మీవాళ్లూ కొత్త షెడ్డుకు మారదామంటారు. ఒప్పుకో, కానీ ముందు ప్రతి పాత ఆపరేటర్ పక్కన ఓ కుర్రాణ్ని కూర్చోబెట్టు. సీఐటీడీలో (బాలానగర్ టూల్ డిజైన్ సంస్థలో) చదివిన పిల్లలైతే మంచిది. ఆయన సందు సర్దే పల్చటి రేకు (షిమ్) ఎక్కడ పెడతాడో, ముక్కను పట్టి ఉంచే ఫిక్చర్ ఎంత బిగిస్తాడో రాయించు. ఫైనాన్స్‌వాళ్లు దండగ ఖర్చంటారు. అననీ.

ఇక కొనుగోళ్లు. బారెల్లో తూటా కూర్చునే గదిని, అంటే చాంబర్‌ను, తొలిచే రీమర్ ఖరీదైనది. ‘ఇంకో వంద బారెళ్లు లాగుదాం’ అని పర్చేజ్‌లో ఒక్కడన్నా చాలు. అరిగిన రీమర్‌తో చాంబర్ బిగుతవుతుంది, గరుకవుతుంది, పేలిన తూటా ఖాళీ తొడుగు (కేస్) బయటికి రాదు. ఆ మాట అన్నవాడు ఫైరింగ్ రేంజ్ గడప తొక్కడు. రీమర్ ఎప్పుడు మార్చాలో నువ్వే తేల్చు, పర్చేజ్‌కు వదలకు.

టెస్టింగ్ కూడా అంతే. కార్గిల్ చలిలో మన సైన్యం ఇన్సాస్ రైఫిళ్లలో తూటాలు నింపే ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగులుతున్నాయని 1999లో ఫిర్యాదులు వచ్చాయి. మన మే ఎండలో పాసైందని ఎవరైనా కాగితం చూపిస్తే నవ్వి ఊరుకోకు, చలి పరీక్ష ఎప్పుడు చేశారని అడుగు.

అన్నిటికన్నా పెద్ద రోగం నెలాఖరు. నేను పనిచేసిన ఒక కంపెనీలో (పేరెందుకులే) ఇన్‌స్పెక్టర్లు ప్రొడక్షన్ మేనేజర్ కిందే ఉండేవాళ్లు. 28వ తేదీ దాటిందంటే కొలత తప్పిన ముక్కలకు కూడా ‘పర్లేదు, పంపేయండి’ అనే డీవియేషన్ కాగితాలు ఎగిరేవి. తుపాకీల్లో ఆ వేషాలు కుదరవు తల్లీ. బోల్ట్ మూసుకోకూడని కొలత చూపే నో-గో గేజ్ మీద అది మూసుకుందంటే చాంబర్లో తూటాకు దొరికే చోటు, అంటే హెడ్‌స్పేస్ ఎక్కువైనట్టే, కేస్ చిట్లి మంట వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి తన్నొచ్చు. అందుకే క్వాలిటీ హెడ్ నేరుగా ఎండీకే జవాబు చెప్పాలి. డిస్పాచ్ అంకెలకూ అతని ఇంక్రిమెంట్‌కూ సంబంధం ఉండకూడదు.

చేరే ముందు ఎండీని రెండు అడుగు. సరుకు ఆపే అధికారం క్వాలిటీ హెడ్‌కు ఉందా? పోయిన ఏడాది డీవియేషన్ ఫైలు చూడొచ్చా? ఫైలు బయటికి తీయడానికి వాళ్లకు వారం పట్టిందంటే, ఆఫర్ మీద సంతకం పెట్టే ముందు నాకోసారి ఫోన్ చెయ్యి.

మామయ్య,
హైదరాబాద్