అండమాన్ నుంచి వచ్చాం, బాకీ మాత్రం తగ్గట్లేదు

ప్రశ్న: మాది నల్లగొండ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మావారు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు. ఇద్దరి జీతాలు కలిపి 65,000. సంక్రాంతి సెలవుల్లో పిల్లలిద్దరినీ, అత్తమ్మనూ తీసుకుని అండమాన్ వెళ్ళొచ్చాం. లక్షన్నర అనుకుంటే 1,94,000 అయింది. దాచుకున్న 82,000 పోను 1,12,000 క్రెడిట్ కార్డు మీద పడింది. రెండు నెలలుగా 5,600 చొప్పున మినిమం కడుతున్నాం. మధ్యలో పాలకూ పెట్రోలుకూ రెండు వేలకు మించి గీకలేదు, అయినా బాకీ అంతే ఉంది. మావారి స్నేహితుడు రెండు రూపాయల మిత్తికి ఇస్తానంటున్నాడు. నాకు రెండు తులాల గొలుసు ఉంది గానీ అది అత్తమ్మ పెట్టింది. ఇంకో మాట. వచ్చినప్పటి నుంచి ఇంట్లో మనసు నిలవడం లేదు. బియ్యం డబ్బా మూత తీసినా సముద్రమే గుర్తొస్తోంది. వండబుద్ధి కాక బయటి నుంచి తెప్పించుకుంటున్నాం. మావారేమో వచ్చే సంక్రాంతికి లక్షద్వీప్ అంటున్నారు. అసలు వెళ్ళి తప్పు చేశామా?

జవాబు: తప్పేమీ చేయలేదమ్మా. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు చదువుకున్నది లెక్కల భాగం కాదు, మీ అత్తమ్మ గురించి చివర్లో రాసిన, పైన అచ్చు వేయని నాలుగు వాక్యాలు. హేవ్‌లాక్ దీవిలో రాధానగర్ ఒడ్డున చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో గంటసేపు నిలబడి, "ఇన్ని నీళ్ళుండి తాగనీకి పనికిరావా?" అని అడిగారన్నారు. ఆమె పుట్టిల్లు మర్రిగూడ దిక్కు అని కూడా రాశారు. నేనూ ఆ వైపు వాణ్ణే. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ముప్పై ఏళ్ళకే నడుము వంగిన మనుషులను చూస్తూ పెరిగాను. మంచినీళ్ళ బిందె కోసం మైళ్ళు నడిచిన మనిషికి ఆ గంట ఇవ్వగలిగారు. దాన్ని ఖర్చుల పద్దులో రాసుకుని బాధపడకండి.

ఇబ్బంది వెళ్ళడంలో లేదు, తిరిగొచ్చాక బాకీ కట్టే పద్ధతిలో ఉంది. పండగ వారంలో ఐదు విమానం టికెట్లంటేనే మోత. ఆపైన అక్కడ ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోవాలంటే పడవ టికెట్టే. సరుకులో ఎక్కువ భాగం చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి ఓడల్లో రావాలి కాబట్టి తిండీ పిరమే. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని, హేవ్‌లాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేర్లు మారాయి గానీ ఈ ఖర్చుల తీరు మారలేదు. మీ లెక్క 44,000 దాటడం నాకు వింతగా అనిపించలేదు.

ఇక కార్డు సంగతి. మన లెక్కలో చెప్తాను. మీ కార్డు నెలకు మూడున్నర శాతం వడ్డీ వేస్తోంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసల మిత్తి. ఊళ్ళో ఎవరైనా నాలుగు రూపాయల మిత్తికి ఇస్తానంటే వాళ్ళ గడప తొక్కుతారా? కార్డు కంపెనీ అదే మిత్తి గుంజుతుంటే మనకు తెలియడం లేదు, ఎందుకంటే బిల్లులో "మినిమం" అన్న అంకె చిన్నగా, తేలిగ్గా కనపడుతుంది. 1,12,000 మీద నెలకు 4,600 పైచిలుకు వడ్డీకే పోతోంది. మీరు కట్టే 5,600లో అసలుకు జమయ్యేది వెయ్యి కూడా లేదు. పాత బాకీ ఉండగా కొత్తగా ఏం గీకినా దానికి గడువు రోజులుండవు, కొన్న రోజు నుంచే వడ్డీ. మీరు గీకిన ఆ రెండు వేలు అసలు తగ్గిన కాస్తనూ మింగేశాయి. కార్డును బీరువాలో పెట్టేయండి. పాలకు కూడా తీయొద్దు.

మీవారి స్నేహితుడి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. కార్డు కన్నా నయమే, అయినా వద్దు. స్నేహితుడి దగ్గర బాకీ పడితే ఇద్దరూ కలిసి చాయ్ తాగే చోట కూడా ఆ బాకీ వచ్చి కూర్చుంటుంది.

గొలుసు బ్యాంకులో కుదువ పెట్టండి. పది శాతం వడ్డీ అనుకుంటే, 1,12,000ను పన్నెండు నెలల్లో తీర్చడానికి నెలకు 9,850 కట్టాలి. ఏడాది మొత్తానికి వడ్డీ 6,200 దగ్గర అవుతుంది. ఇప్పుడు మీరు కార్డుకు నెలన్నరలో కడుతున్న వడ్డీ కన్నా అది తక్కువ. ఎక్కువ ఇస్తామన్నా తీసుకోకండి, బాకీ ఎంతో అంతే. నెలనెలా అసలూ వడ్డీ కలిపి కట్టే పద్ధతినే అడగండి. ఇది గట్టిగా చెప్తున్నాను. ఏడాది చివర ఒకేసారి కట్టే లోను తీసుకున్నవాళ్ళు అప్పటికి చేతిలో డబ్బు లేక, వడ్డీ మాత్రం కట్టి మళ్ళీ తిరగరాయించుకుంటారు. అలా నాలుగేళ్ళు తిప్పి, చివరికి వేలం నోటీసు చేత పట్టుకుని వచ్చిన ఇంటివాళ్ళను చూశాను. గొలుసు కన్నా ఆ ఇంటి ఆడవాళ్ళ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

అత్తమ్మకు చెప్పాలా అని అడగలేదు గానీ, చెప్పండి. ఆమె పెట్టిన బంగారం, ఆమె కూడా వచ్చిన ప్రయాణం. దాచిపెడితే మీ బోసి మెడ చూసి ఆమే అడుగుతుంది.

నెలకు 9,850 ఎక్కడి నుంచి? మీరు పంపిన పద్దు కూడి చూశాను. అద్దె, కిరాణం, ఫీజులు, బండి కిస్తీ, చిట్టీ, మందులు అన్నీ కలిపి 48,000. మిగలాల్సింది 17,000. అందులో పోయిన నెల బయటి తిండికే 6,400 పోయింది. వండబుద్ధి కాకపోవడం నాకు అర్థమవుతుంది. ఐదు రోజులు ఎవరో వండిపెడితే తిని, తెల్లారితే సముద్రం చూసి, తిరిగొచ్చి పొద్దున ఆరింటికి నాలుగు డబ్బాలు కట్టాలంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. పూర్తిగా మానేయమని చెప్పను. కిస్తీ పోను 7,150 ఉంటుంది. నెలకు రెండు వేలు మీ ఐదుగురూ ఇష్టంగా ఖర్చు పెట్టుకోండి, అత్తమ్మకు నచ్చిన చోటికి. మిగిలింది వేరే ఖాతాలో పడనివ్వండి. చిట్టీని మాత్రం తొందరపడి నష్టానికి పాడుకోవద్దు, జూన్ ఫీజులకు అదే ఆసరా.

ఒక ఆదివారం సాగర్ పోండి. గంటన్నర దారి. లాంచీ ఎక్కితే నాగార్జునకొండ, చుట్టూ నీళ్ళున్న మన దీవి. డ్యాం నీళ్ళలో మునిగిపోకముందే 1954 నుంచి 1960 వరకు తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. లాంచీ ఆ రోజు తిరుగుతోందో లేదో ముందే కనుక్కోండి. అక్కడి నీళ్ళు తాగే నీళ్ళేనని అత్తమ్మకు చెప్పండి.

లక్షద్వీప్ మాట మీవారితో వాదించకండి, తేదీ జరపండి. అక్కడికి అనుమతి పత్రం కావాలి, తొందర పనికిరాదు కూడా. బంగారం విడిపించిన మర్నెలే, అదే తారీఖున, అదే 9,850ను బ్యాంకులో నెలనెలా దాచుకునే ఆర్‌డీకి మార్చండి. అప్పటికి ఆ డబ్బు లేకుండా బతకడం మీకు అలవాటై ఉంటుంది. ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 1,22,000 దాకా జమవుతుంది. టికెట్లు ఆ డబ్బుతో కొనండి.

బ్యాంకుకు వెళ్ళినప్పుడు రసీదులో గొలుసు నికర బరువు చూసుకోండి. కార్డు బాకీ అదే రోజు మొత్తం కట్టేయండి. తర్వాతి బిల్లులో, పాత బిల్లు రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య పడిన వడ్డీ కింద కొంత వస్తుంది, అది చూసి కంగారు పడకండి. దాన్నీ పూర్తిగా కట్టి, బిల్లు సున్నా చూపించేదాకా వదలకండి.