స్విచ్ వేసేముందు పిల్లల చేతిలో ఏదైనా పెట్టు

చిట్టీ,

నిన్న ఫోన్లో నీ టెన్షన్ వింటే నవ్వొచ్చింది, పెట్టేశాక జాలేసింది. ఎల్‌కేజీ గదిలో నేల మీద బొమ్మలు పడే ప్రొజెక్టరూ, గోడకి పెద్ద టచ్ ప్యానెలూ బిగించి, జూన్‌లో బడి తెరిచేలోపు నేర్చేసుకో అన్నారా మీ కరస్పాండెంట్ గారు? నేర్చుకోవచ్చులే.

ముందు ఆ యంత్రం సంగతి. నేల ప్రొజెక్టర్ పక్కనే ఓ కెమెరా కన్నుంటుంది, పిల్లల కదలిక పట్టేది అదే. చాలా టచ్ ప్యానెళ్ల అంచుల్లో కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు వలలా అల్లుకుని ఉంటాయి, వేలు అడ్డొస్తే తాకినట్టు లెక్క. అందుకే నీ చీరకొంగు తగిలినా పేజీ మారిపోతుంది, అంచున దుమ్ము పట్టినా, కిటికీలోంచి ఎండ సూటిగా పడినా మొండికేస్తుంది. పొద్దున్నే ఆయమ్మ చేత పొడిగుడ్డతో అంచులు తుడిపించు, మందపాటి కర్టెన్ అడుగు. బెజవాడ ఎండ సంగతి నీకు చెప్పాలా!

ఇక్కడ గుంటూరులో రిటైరయ్యే ముందు రెండేళ్లు నేనూ దీంతో కుస్తీ పట్టాను. మొదటిరోజు గది చీకటి చేసి, సౌండ్ ఫుల్లుగా పెట్టి, ముప్పై మందినీ ఒకేసారి వదిలేశాను. నేలంతా చెరువు, అడుగేస్తే చేపలు పారిపోతాయి. ఇద్దరు చీకటికి జడిసి ఏడుపు, ఒకడు సాక్సులతో సర్రున జారి పడ్డాడు, నలుగురు గట్టిపిండాలు తొక్కుడే తొక్కుడు, మిగతావాళ్లు గోడకి అతుక్కుపోయారు. ఒక పిల్ల మాత్రం మ్యాట్ అంచు ఎత్తి కిందకి చూసింది, చేప ఎటు పోయిందా అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు బతికున్న కొర్రమీను ఒకటి బకెట్‌లో తెప్పించాను. ముట్టుకున్నారు, కెవ్వుమన్నారు, చేతులు వాసన చూసుకున్నారు. ఆ తర్వాత మళ్లీ ప్రొజెక్టర్ వేస్తే ఒకడు నేల తడిమి, "టీచర్, ఇది జారట్లేదేంటి?" అన్నాడు. అదమ్మాయ్ పాఠం!

అప్పట్నుంచీ ముందు చేతికి వస్తువు, తర్వాతే స్విచ్. మామిడికాయ, తమలపాకు, తడిమట్టి, ఏదైనా సరే (మిరపకాయ మాత్రం వద్దు, కళ్లు నలుపుకుంటారు). మనం తేలేనివాటికి, అంటే సముద్రం అడుక్కీ, మంచుకొండకీ, ఏనుగుల మందకీ ఆ ప్రొజెక్టర్ వాడు. కృష్ణానదిని చూపించడానికి అదెందుకు? బస్సులో ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్లు, 70 గేట్లు లెక్కపెట్టలేకపోయినా నీళ్ల హోరు వింటారు.

ఒక్కోసారి ఐదుగురే, పది నిమిషాలే, వట్టి కాళ్లతోనే. లైట్లన్నీ ఆర్పకు. దాంట్లో వచ్చే ఇంగ్లీషు గొంతు తగ్గించి నువ్వే తెలుగులో చెప్పు, మధ్యలో బొమ్మ ఆపి "ఇప్పుడేమవుద్ది?" అని అడుగు. లేకపోతే ఊరికే తలలూపుతారు.

కళ్లకి పెట్టే వీఆర్ హెడ్‌సెట్ కూడా కొంటామంటే మాత్రం గట్టిగా వద్దను. మెటా క్వెస్ట్ అనే హెడ్‌సెట్ చేసే కంపెనీవాళ్లే పదేళ్లలోపు పిల్లలకి కాదంటున్నారు. ఇంట్లో ఫోన్ ఎలాగూ ఉంది కదా, మూడు నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూసేది రోజుకి గంట దాటకూడదనీ, తగ్గితే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మీ కరస్పాండెంట్ గారికి నా మాటగా కాదు, ఆ మాటగా చెప్పు.

కరెంటు పోయిందనుకో, కంగారుపడకు. పిల్లల్నే చేపలు చెయ్యి, నువ్వు వల అవ్వు.

ఆదివారం ఓసారి వచ్చిపో. నా చింతపిక్కల డబ్బా ఇస్తాను, ముక్కుల్లో దూర్చుకోకుండా చూసుకుంటే చాలు. మొదటివారం అంకెలన్నీ వాటితోనే అయిపోతాయి, ప్రొజెక్టర్ కవర్ తీయకపోయినా ఫర్వాలేదు.

మీ పెద్దమ్మ