భజన పాటల రికార్డింగ్‌కి టాబ్లెట్‌లో ఏ యాప్ మంచిది?

అమలాపురం దగ్గర మీ భజన బృందం హార్మోనియం, డోలక్, గొంతు విడివిడి ట్రాకులుగా రికార్డు చేయాలన్నారు. ఐప్యాడ్ అయితే మరో ఆలోచన వద్దు, గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, 32 ట్రాకుల దాకా పెట్టుకోవచ్చు. కాకపోతే అందులో సెక్షన్, అంటే ఒక విడతలో రికార్డయ్యే పాట భాగం, మొదట 8 బార్లే ఉంటుంది (బార్ అంటే కొన్ని తాళం దెబ్బల గుంపు). దాన్ని ఆటోమేటిక్‌కి మార్చండి, లేకపోతే చరణం అందుకునేలోపే మళ్లీ మొదటికొచ్చేస్తుంది.

ఆండ్రాయిడ్‌లో నా ఓటు ఆడియో ఎవల్యూషన్ మొబైల్‌కే. డబ్బు పెట్టాలి, నిజమే. కానీ యూఎస్‌బీ మైకుని యాప్‌తో కలిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, దానికి సొంతంగా ఉంది (అదీ విడిగా కొనాలి), దాంతో పాడింది చెవికి ఆలస్యంగా వినబడటం బాగా తగ్గుతుంది.

ఏ యాప్ అయినా బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దండి, తాళం వెనకబడిపోతుంది. వైరువే పెట్టుకుని, ఫ్యాను కట్టేసి, ముందు డోలక్ రికార్డు చేయండి. దానిమీద గొంతు.