మూడు పేపర్లు, మూడు పేర్లు: ముందు పేరు సంగతి తేల్చుకోండి

ప్రశ్న: తిరుపతిలో బోటనీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, నాలుగో ఏడాది. శేషాచలం కొండల మొక్కల మీద పని. రెండు రీసెర్చ్ పేపర్లు వచ్చాయి, మూడోదాని ప్రూఫ్ (అచ్చుకి ముందు సరిచూడమని జర్నల్ పంపే కాపీ) నిన్ననే వచ్చింది. మూడింటిలోనూ నా పేరు మూడు రకాలుగా ఉంది. గూగుల్ స్కాలర్‌లో వెతికితే నాది ఒక్కటే కనిపిస్తోంది, మిగతావన్నీ ఎవరివో. గైడ్ గారు ఆర్కిడ్ ఐడీ తీసుకోమంటున్నారు, ఫ్రెండ్స్ పేపర్లన్నీ పరిశోధకుల సోషల్ సైటు రీసెర్చ్‌గేట్‌లో పెట్టమంటున్నారు, ఒక సీనియర్ అయితే హెచ్-ఇండెక్స్ లేకపోతే పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి రీసెర్చ్ ఉద్యోగం) రాదని భయపెడుతున్నారు. వచ్చే మాఘమాసంలో పెళ్లి, ఇంటిపేరు మారుతుంది. వీటన్నిటికీ టైమ్ ఎక్కడిది సార్?

జవాబు: అమ్మా, ఆ ప్రూఫ్ ఇంకా తిరిగి పంపకపోతే కాసేపు ఆపండి. మీరు రాసినవాటిలో మిగతావన్నీ నెల రోజులు ఆగినా కొంపలేం మునగవు, అదొక్కటి ఆగదు. ప్రూఫ్ రాగానే మనవాళ్లు టేబుళ్లు, రిఫరెన్సులు, మొక్కల లాటిన్ పేర్ల స్పెల్లింగులు కళ్లల్లో వత్తులేసుకుని చూస్తారు, తమ పేరు ఎలా పడిందో మాత్రం చూడరు. అచ్చయ్యాక దాన్ని మార్పించడం పెద్ద తంతు. ఇప్పుడైతే ఒక్క లైను కరెక్షన్.

ఈ పేరు గొడవ తెలుగువాళ్లకి పుట్టుకతోనే వస్తుంది. మనకి ఇంటిపేరు ముందు, అదీ చాలాసార్లు ఒక పొడి అక్షరంగా. జర్నళ్ల సాఫ్ట్‌వేర్ ఏమో పేరులో చివరి ముక్క ఏదుంటే అదే ఇంటిపేరనుకుంటుంది. గణాంకశాస్త్రవేత్త సి.ఆర్.రావు గారి ఇంటిపేరు కల్యంపూడి, కానీ 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన రాసిన పేపర్లోని ఫలితాన్ని ప్రపంచమంతా క్రామర్-రావ్ బౌండ్ అంటుంది. బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫాస్ఫరస్ పరీక్ష 1925 నుంచీ ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతే, యల్లాప్రగడ అందులో ఎక్కడా లేదు. వాళ్లు మహానుభావులు, ఏ పేరుతో పిలిచినా ఎవరో అందరికీ తెలుసు. మన పేపర్లని లెక్కేసేది కంప్యూటరు. దాని దృష్టిలో పొడి అక్షరం ముందున్న లక్ష్మి ఒకరు, ఇంటిపేరు చివరున్న లక్ష్మి ఇంకొకరు, ఇనీషియల్ లేని లక్ష్మి మూడో మనిషి. రావులు, రెడ్డిల సంగతి చెప్పక్కర్లేదు, పదిమంది పనీ ఒకరి ఖాతాలో పడుతుంది.

కాబట్టి ఈ రాత్రి కూర్చుని ఒక్క రూపం ఖాయం చేసుకోండి. నా సలహా, సొంత పేరు పూర్తిగా, ఆ తర్వాత ఇంటిపేరు పూర్తిగా, పొడి అక్షరాలు వద్దు, స్పెల్లింగులో ఒక్క అక్షరం కూడా ఇటూ అటూ అవ్వకూడదు. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగునే వాడితే రేపు పోస్ట్‌డాక్‌కి అప్లై చేసేటప్పుడు ఇంకో తలనొప్పి తగ్గుతుంది. మూడో పేపర్ నుంచీ అదే. పాత రెండూ అలాగే ఉంటాయి, వాటిని కలిపే దారి కింద చెప్తాను.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం, నేను తలదూర్చను. పేపర్ మీద పేరు మాత్రం మార్చకండి. ఆధార్‌లో ఒక పేరు, పేపర్లలో ఇంకో పేరు ఉండటం నేరమేం కాదు, సీవీలో ‘ఈ పేరుతో ప్రచురిస్తాను’ అని ఒక్క లైను రాస్తే సరిపోతుంది. నాలుగేళ్లు ఎండలో కొండలెక్కి సంపాదించుకున్న పేరు అది.

ఇప్పుడు ఆర్కిడ్. మీ బోటనీ వాళ్లకి ఆ మాట వింటే పువ్వే గుర్తొస్తుందనుకోండి, ఇది మాత్రం ఒక్కో పరిశోధకుడికీ విడిగా ఇచ్చే 16 అక్షరాల నంబరు. 2012లో మొదలైంది, పైసా ఖర్చు లేదు, పది నిమిషాల్లో వస్తుంది. చివరి అక్షరం అంకె బదులు ఎక్స్ అని వస్తే తప్పు పడిందని కంగారుపడకండి, కొందరికి అలాగే వస్తుంది. పేరు మారినా, యూనివర్సిటీ మారినా, దేశం మారినా ఈ నంబరు మారదు, దాని విలువంతా అక్కడే. అందులో ‘ఇతర పేర్లు’ అని ఒక గడి ఉంటుంది, మీ మూడు రూపాలూ, పెళ్లి తర్వాత పేరుతో సహా, అక్కడ రాసేయండి. పాత పేపర్లని డీఓఐ నంబరుతో, అంటే పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరుతో, చేర్చండి. ఆ నంబరుని మూడో పేపర్‌కి జోడించమని కరెస్పాండింగ్ ఆథర్, అంటే మీ గైడ్ గారి ద్వారా, ఎడిటోరియల్ ఆఫీసుకి చెప్పించండి. ఇకమీదట ఏ పేపర్ పంపినా సబ్మిట్ చేసేటప్పుడే ఇచ్చేస్తే, ప్రచురణకర్తలు డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థకి పంపే వివరాల్లోంచి అది మీ ఖాతాలోకి నడుచుకుంటూ వస్తుంది, మీరు ఒక్కసారి అనుమతి ఇవ్వాలంతే. ఇంకోటి, యూనివర్సిటీ మెయిల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. పీహెచ్‌డీ అయ్యాక ఆ మెయిల్ ఆపేస్తే సొంత ఖాతాలోకే వెళ్లలేక ఏడ్చినవాళ్లని చూశాను. సొంత మెయిల్ కూడా చేర్చండి.

గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ మీరింకా తెరవలేదని అర్థమైంది, తెరవండి, కానీ జాగ్రత్త. మొదట్లోనే ‘ఇవి మీవేనా’ అని ఒక కుప్ప చూపిస్తుంది, తొందరలో అన్నిటికీ అవునంటే అయిపోయినట్టే. నాకు తెలిసిన ఒకబ్బాయి, సివిల్ ఇంజినీరింగ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి వెళ్లాడు. ప్యానెల్లో ఒకాయన అక్కడే స్కాలర్ తెరిచి, ‘బాబూ, కాంక్రీటుతో పాటు గుండె ఆపరేషన్లు కూడా చేస్తున్నావా’ అన్నాడట. అదే పేరున్న డాక్టరుగారి పేపరు వీడి ఖాతాలో పడి రెండేళ్లయింది, సైటేషన్లలో, అంటే ఇతరులు తమ పేపర్లలో ప్రస్తావించిన లెక్కలో, సగం ఆ ఒక్కదానివే. వీడికి నిజంగా తెలియదు, తెలియదంటే ఎవరు నమ్ముతారు? సెట్టింగ్స్‌లో కొత్త పేపర్లని దానంతటదే చేర్చాలా, మెయిల్ పంపి మిమ్మల్ని అడగాలా అని ఉంటుంది. అడగమని పెట్టండి. ఒకే పేపర్ రెండుసార్లు పడితే రెండూ ఎంచుకుని మెర్జ్ కొట్టండి. మెయిల్ దగ్గర యూనివర్సిటీదే ఇవ్వండి, ఆ మెయిల్ వెరిఫై అయితేనే మీ ప్రొఫైల్ వెతికినవాళ్లకి కనిపిస్తుంది.

స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లో మీరు ఖాతా తెరవక్కర్లేదు, మీ పేపర్ వచ్చిన జర్నల్ అందులో ఉంటే ఆథర్ ఐడీ అదే పుట్టిస్తుంది, మీ విషయంలో బహుశా రెండు పుట్టించి ఉంటుంది. వాటిని కలపమని ఉచితంగానే అడగొచ్చు. గాంధీనగర్‌లోని యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల విద్వాన్ అనే ప్రొఫైళ్ల సైటు ప్రధానంగా ఫ్యాకల్టీ కోసం కట్టింది, ఉద్యోగం వచ్చాక చూసుకుందురుగాని. వాళ్లదే, థీసిస్‌లు భద్రపరిచే శోధ్‌గంగలో మీ థీసిస్ ఎలాగూ పెడతారు, దాని మొదటి పేజీ మీద పేరు కూడా ఇదే రూపంలో ఉండేలా చూసుకోండి.

రీసెర్చ్‌గేట్ దగ్గర మీ ఫ్రెండ్స్ మాట పూర్తిగా వినకండి. ప్రొఫైల్ పెట్టండి, పేపర్ల పేర్లు చేర్చండి, కానీ జర్నల్ వెబ్‌సైట్ నుంచి దింపుకున్న అందమైన పీడీఎఫ్‌ని అలాగే ఎక్కించేయకండి. రాసింది మీరే అయినా, ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలది) కాకపోతే ఆ పీడీఎఫ్ హక్కు చాలావరకు మీరు సంతకం పెట్టిచ్చేసినదే. 2017లో జర్నళ్లు ప్రచురించే ఎల్సెవియర్, అమెరికన్ కెమికల్ సొసైటీ కలిసి ఇదే విషయం మీద జర్మనీలో రీసెర్చ్‌గేట్ మీద కేసు వేశాయి. రివ్యూ అయ్యి అంగీకరించాక మీ దగ్గర ఉన్న వర్డ్ ఫైలు ఉంటుంది చూడండి, దాన్ని పెట్టుకోవడానికి చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి, కొన్ని అయితే కొన్ని నెలలు ఆగమంటాయి. ఆ జర్నల్ పాలసీ పేజీ చదివి పెట్టండి.

మీ సబ్జెక్టుకి మాత్రమే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇప్పుడు డేటా కూడా బయట పెట్టాలంటున్నారు, మంచిదే, యూరప్ పరిశోధనా సంస్థ సెర్న్ వాళ్ల జెనోడో అనే సైట్లో ఉచితంగా పెడితే దానికీ డీఓఐ వస్తుంది. కానీ మీది శేషాచలం. ఎర్రచందనం చెట్ల జీపీఎస్ పాయింట్లున్న ఎక్సెల్ షీటు అంతర్జాలంలో పెడితే ముందు చదివేది బోటనీ వాళ్లు కాదు. ఆ కొండల్లోనే పెరిగే సైకస్ బెడ్డోమీ మొక్క కూడా అంతే, దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటీస్ ఒప్పందం అత్యంత కఠినమైన మొదటి జాబితాలో పెట్టింది. మండలం పేరు వరకు చెప్పి ఆపేయండి, కచ్చితమైన చోట్లు అడిగిన పరిశోధకులకి గైడ్ గారి అనుమతితో ఇవ్వొచ్చు.

అలాగే మన బయోడేటాలు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, డోర్ నంబరు, ఫోన్ నంబరు, కొందరు ఆధార్ కూడా, అన్నీ రాసి అదే ఫైలు ప్రొఫైల్‌లో పెట్టేస్తారు. ఆడపిల్లలకే కాదు, ఎవరికైనా అది ప్రమాదమే. బయట పెట్టే సీవీ వేరేగా చేసుకోండి, చదువు, పేపర్లు, యూనివర్సిటీ మెయిల్ చాలు.

ఇక మీ సీనియర్ పెట్టిన టెన్షన్. హెచ్-ఇండెక్స్ అనేది హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 2005లో చెప్పిన లెక్క. కనీసం అయిదేసి సైటేషన్లున్న పేపర్లు అయిదు ఉంటే అయిదు. మూడు పేపర్లున్న మనిషికి, ఆ మూడూ ఎంత గొప్పవైనా, అది మూడు దాటదు. పోస్ట్‌డాక్ ఇచ్చే ప్రొఫెసర్‌కి ఈ సంగతి మీ సీనియర్ కంటే బాగా తెలుసు. ఆయన మీ పేరు కొట్టి చూసేది ఈ పని మీరే చేశారా, ఇంకేం చేశారు, రాసింది చదవడానికి దొరుకుతుందా అని. అంకె పెంచుకుందామని ఒకరి పేపర్లు ఒకరు సైట్ చేసుకునే వాట్సాప్ గ్రూపుల్లో చేరకండి, అవి తర్వాత మెడకి చుట్టుకుంటాయి.

ప్రొఫైల్ తెరిచిన నెలలోపే మిమ్మల్ని ‘గౌరవనీయ ప్రొఫెసర్’ అంటూ మెయిళ్లు మొదలవుతాయి, మూడు రోజుల్లో పేపర్ వేస్తాం, డబ్బు కట్టండి అని. ఈ వ్యాపారం మన దగ్గర కూడా బాగానే నడిచింది, హైదరాబాద్ నుంచి నడిచే ఒక ప్రచురణ సంస్థని 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని 2019లో అమెరికా కోర్టు తీర్పిచ్చింది. నమ్మదగ్గ జర్నళ్ల యూజీసీ కేర్ జాబితా కూడా 2025లో ఎత్తేశారు, అంటే జర్నల్ మంచిచెడ్డలు ఇక మీరూ గైడ్ గారూ చూసుకోవాల్సిందే. థీసిస్‌కి ముందు పేపర్ తప్పనిసరి అన్న నిబంధనని యూజీసీ 2022లోనే తీసేసింది, మీ యూనివర్సిటీ సొంతంగా అడిగితే అది వేరే సంగతి, కాబట్టి సంఖ్య కోసం అలాంటి చోట డబ్బు పోయకండి. ఒక చెత్త జర్నల్ పేరు ప్రొఫైల్లో చేరితే మిగతా మంచివాటిని కూడా అనుమానంగా చూస్తారు.

టైమ్ అంటారా, ఆర్కిడ్, స్కాలర్ రెండూ కలిపి ఒక ఆదివారం పూట పని. తర్వాత మూడు నెలలకోసారి అరగంట, కొత్తవి చేరాయా, ఎవరివైనా వచ్చి కూర్చున్నాయా అని చూడటమే. పది సైట్లలో ఖాతాలు తెరిచి అన్నిట్లోనూ పాతబడిన వివరాలు ఉంచే కంటే ఈ రెండూ శుభ్రంగా ఉంచండి.

ప్రూఫ్ తిరిగి పంపేటప్పుడు గైడ్ గారి పేరు ఎలా పడిందో కూడా ఒకసారి చూపించండి. ఆయన ఇంటిపేరూ ముందే ఉంటుంది కదా.