అమ్మ కాగితం వేరు, నాన్న కాగితం వేరు

అమ్మాయీ,

చైనా కుటుంబాల్లో తల్లిదండ్రుల సహానుభూతి పిల్లలు నలుగురిలో మెలిగే తీరును ఎలా మలుస్తుందో చూడాలని పూనుకున్నావు, చాలా సంతోషం. ఇద్దరి మార్కులూ కలిపి 'తల్లిదండ్రులు' అని ఒకే గడిలో మాత్రం వేయకు. 'కఠినమైన తండ్రి, దయగల తల్లి' అనేది అక్కడ తరాల నాటి మాట. అలాంటి ఇంట్లో తండ్రిని "బిడ్డను ముద్దు చేస్తారా?" అని అడిగితే ఏమీ తేలదు. "బిడ్డ ఏడుస్తూ బడి నుంచి వస్తే మొదట ఏం చేస్తారు?" అని అడుగు. "వాళ్లమ్మను పిలుస్తాను" అన్నా అదీ జవాబే, రాసుకో.

ఒక్కో ఇంటికి ప్రశ్నల కాగితాలు పెట్టిన రెండు కవర్లు ఇవ్వు, అమ్మకొకటి, నాన్నకొకటి; రెండింటి మీదా ఒకే నంబరు వెయ్యి. తరచూ తండ్రి కాగితం కూడా తల్లే నింపేస్తుంది. ఒకే దస్తూరి, ఒకే సిరా, మొదటి నుంచి చివరి దాకా ఒకే జవాబులు కనిపిస్తే ఆ జతను పక్కన పెట్టు. కాగితం తిరిగివ్వని తండ్రులు ఎంతమందో కూడా లెక్క రాయి. ఇచ్చినవాళ్లు బిడ్డను ఎక్కువ పట్టించుకునేవాళ్లే అయి ఉండొచ్చు.

సహానుభూతికి మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ డేవిస్ కొలమానం (ఒక్కో వాక్యం తనకెంత సరిపోతుందో మనిషి తానే మార్కు వేసుకునే ప్రశ్నల కాగితం) వాడతానంటే అందులో 28 వాక్యాలు, నాలుగు భాగాలు, ఒక్కోదానికి ఏడు. మొత్తం కూడకు. బిడ్డ మోకాలికి రక్తం చూడగానే తానే వణికిపోయే తల్లికి 'సొంత కలవరం' భాగంలో మార్కులు బాగా వస్తాయి. అప్పుడు ఓదార్పు ఎవరికి కావాలి? బిడ్డే అమ్మను సముదాయించాల్సి వస్తుంది. ఆ మార్కును దయ ఖాతాలో వేస్తే ఫలితం తారుమారవుతుంది. తిరగేసి రాసిన వాక్యాలు, అంటే 'కాదు' అంటేనే ఎక్కువ మార్కు రావాల్సినవి, 9 ఉన్నాయి, వాటి మార్కులు తిప్పి వేయడం మరవకు.

బిడ్డ గురించి టీచర్‌ను అడుగు. తన మనసు గురించీ, బిడ్డ మంచితనం గురించీ తల్లే చెబితే రెండూ కలిసే వస్తాయి, అది చెప్పిన నోరు ఒకటే కావడం వల్ల. టీచర్‌కు రోజుకు ఐదారు కాగితాలు మించి ఇవ్వకు. విసుగొస్తే అందరికీ ఒకే గడిలో టిక్కు కొడుతుంది.

పిల్లల పెంపకం గురించి చెప్పే 'గ్వాన్' అనే చైనా మాట దగ్గర జాగ్రత్త. అదుపులో పెట్టడం, కనిపెట్టుకుని ఉండడం, రెండూ అందులోనే ఉన్నాయని పరిశోధకురాలు రూత్ చావో 1994లోనే చెప్పారు. "ఎక్కడికెళ్లాడో కనుక్కుంటాను" అన్న తండ్రిని కర్కశుడి కింద కట్టేయకు. అలాగే షాంఘైలో 1990లో బిడియస్థులైన పిల్లలను తోటివాళ్లు ఇష్టపడేవారు, 2002కల్లా దూరం పెట్టడం మొదలైంది. కాబట్టి బిడ్డ పుట్టిన సంవత్సరం, ఊరు తప్పకుండా రాసుకో.

పల్లెల్లో అమ్మానాన్నలు పట్నానికి పనికెళ్లి, పిల్లలు అవ్వాతాతల దగ్గరుంటారు. "పోయిన వారం బిడ్డ రాత్రి ఎవరి పక్కన పడుకుంది?" అనే ఒక్క ప్రశ్న కలుపు.

నెమ్మదైన బిడ్డ అమ్మానాన్నలనూ మెత్తబరుస్తుంది. ఒక్కసారి కొలిస్తే ఎవరు ఎవరిని మార్చారో తెలియదు. ఏడాది తర్వాత అవే ఇళ్లకు మళ్లీ వెళ్లేలా సెలవు, ఖర్చు ఇప్పుడే చూసుకో.