టీకా మెసేజ్ ఎవరి ఫోన్‌కు రావాలి?

ప్రశ్న: కాన్పుకు పుట్టింటికి వచ్చాను. ఆసుపత్రిలో మా వారి ఫోన్ నంబరు ఇచ్చాం. నెలన్నర టీకాలు వేయించమని మెసేజ్ వచ్చినా, హైదరాబాద్‌లో ఉద్యోగం హడావిడిలో ఆయన చూసుకోలేదు. బాబుకు ఇప్పుడు తొమ్మిది వారాలు. టీకాలు మళ్లీ మొదటి నుంచి వేయించాలా? ఇకముందు తేదీ తప్పకుండా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదమ్మా. పుట్టినప్పుడు వేసిన టీకాలు లెక్కలోనే ఉంటాయి. నెలన్నరకు వేయవలసిన పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఒకే టీకా), పోలియో, రోటావైరస్, న్యుమోకాకల్ టీకాలను హైదరాబాద్ వెళ్లేదాకా ఆగకుండా ఈ వారమే వేయించండి. తల్లీబిడ్డల రక్షణ కార్డు తీసుకువెళితే మీ పుట్టింటి దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే వేస్తారు. తర్వాతి డోసుకు కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి కనుక, ఆ తేదీని ఏఎన్‌ఎం చేత అక్కడే కార్డు మీద రాయించుకోండి. ఇంతగా తొందరపెట్టడానికి కారణం కోరింత దగ్గు. అది ప్రాణాల మీదికి తెచ్చేది ఎక్కువగా తొలి నెలల పసికందులకే, దాన్ని అడ్డుకునే మందు పెంటావాలెంట్‌లో ఉంది.

ఫోన్ మెసేజ్‌ల వల్ల మేలు ఉన్న మాట నిజమే గాని, వాటి మీదే భారం వేయకూడదు. పశ్చిమ కెన్యా పల్లెల్లో జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మెసేజ్‌లు అందని కుటుంబాల పిల్లల్లో 82 శాతం మందికి ఏడాదిలోపు టీకాలన్నీ పూర్తయ్యాయి. మెసేజ్‌లు మాత్రమే అందినవారిలో అది 86 శాతం, మెసేజ్‌తో పాటు సకాలంలో వేయించిన ప్రతిసారీ 200 షిల్లింగులు ఇచ్చినవారిలో 90 శాతం. తేదీ గుర్తున్నా ఆటో ఖర్చుకు, తోడు వచ్చే మనిషికి వెతుక్కునే తల్లులు మన దగ్గరా ఎందరో ఉన్నారు.

మన దేశంలో యూ-విన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ టీకాల నమోదు వ్యవస్థలో ఉన్న నంబరుకు రాబోయే టీకాల మెసేజ్‌లు వస్తాయి. ఆ నంబరు బిడ్డను ఎత్తుకుని టీకాకు వెళ్లే మనిషిదే కావాలని నేను గట్టిగా చెబుతాను. ఈసారి కేంద్రానికి వెళ్లినప్పుడు మీ నంబరు చేర్చమని అడగండి. కార్డు మీది తేదీకి ముందురోజు సాయంత్రం మోగేలా మీ ఫోన్‌లోనూ, మీ అమ్మగారి ఫోన్‌లోనూ రిమైండర్ పెట్టుకుంటే, కార్డు వెతికి పెట్టుకోవడానికి, బండి మాట్లాడుకోవడానికి వ్యవధి ఉంటుంది. మూడో విడత అయ్యాక తొమ్మిదో నెలదాకా టీకాలు ఉండవు కాబట్టి మరపు సహజం. అప్పటికి మీరు అత్తవారింటికి వెళ్లిపోయి ఉంటారు కూడా. అందుకని తట్టు, రుబెల్లా టీకా తేదీని ఇవాళే ఫోన్ క్యాలెండర్‌లో పెట్టేయండి.